గట్టు మీది చర్చ పేజీ

కురుసుర సబ్‌మెరైన్ ఏ ఏడాదిది? విశాఖ బీచ్ రోడ్డులో, సరిగ్గా ఆ సబ్‌మెరైన్‌కి ఎదురుగా ఉన్న గట్టు మీద ఈ ప్రశ్న పంతొమ్మిది రోజులుగా నలుగుతోంది. 2001 అంటారు పోర్టులో రిటైరైన పెద్దాయన. 2002 అంటారు లెక్కల మాస్టారు. మధ్యలో ఇన్సూరెన్సాయన 1969 అని ఒక రాయి వేస్తారు. ముగ్గురూ కరెక్టే. అది నేవీలో చేరింది 1969 డిసెంబరులో, విధుల నుంచి తప్పుకున్నది 2001 ఫిబ్రవరిలో, మ్యూజియంగా తలుపులు తెరిచింది 2002 ఆగస్టులో. ఈ సంగతి నాకు తెలుసు. కానీ బయటపెడితే చర్చ ఆగిపోతుంది, చర్చ ఆగితే లేచి నడవాలి. అందుకని నోరు మెదపలేదు.

మాది ఆరుగురి బ్యాచ్. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు కదా, ఆ కాసేపూ ఊరంతా నడుస్తుంది, మేం కూర్చుంటాం. పైన చెప్పిన ముగ్గురూ, నేనూ కాక ఒక రైల్వే గార్డుగారు ఉన్నారు. ఆరో ఆయన ఏం చేసి రిటైరయ్యారో మాకు ఇప్పటికీ తెలియదు. ఎవరేం చెప్పినా "ఆఁ" అంటారు. అంతే.

ఒక ఆదివారం మా మేనల్లుడు నాతో పాటు వచ్చాడు. మధురవాడలో ఐటీ కొండ మీద వాడి ఆఫీసు. అంకెల్ని బొమ్మలుగా మార్చడం వాడి పని. బొమ్మ లేకపోతే పై అధికారులకి అంకె అర్థం కాదట. అరగంట మా వాదన విని, "మావయ్యా, దీన్ని వికీపీడియాలో దిద్దుబాటు యుద్ధం అంటారు. దీనికి బొమ్మ గీయొచ్చు" అన్నాడు. గీయకుండా ఉంటే ఎంత బాగుండేదో మీకు చివర్లో తెలుస్తుంది.

ముందు అసలు శాస్త్రం చెప్పాలి. వికీపీడియాలో ప్రతి వ్యాసానికీ వెనకాల "చరిత్ర" అని ఒక ట్యాబు ఉంటుంది. ఎవరు ఏ రోజు ఏ గంటకి ఏ ముక్క చేర్చారో, ఎవరు దాన్ని పీకేశారో, ఎవరు మళ్లీ తెచ్చి అతికించారో అంతా అందులో ఉంటుంది. కానీ అది కిరాణా కొట్టు పద్దులాగా వరసల కింద వరసలు. నూటికి తొంభైమంది దాని జోలికి వెళ్లరని నా అనుమానం. 2003లో ఫెర్నాండా వియేగస్, మార్టిన్ వాటెన్‌బర్గ్ ఐబీఎం కంపెనీలో ఆ పద్దుని బొమ్మ చేశారు. పేరు హిస్టరీ ఫ్లో. అదే ఏడాది డిసెంబరులో తెలుగు వికీపీడియా పుట్టింది. అంటే మనవాళ్లు పోట్లాట మొదలెట్టేసరికే దాన్ని కొలిచే పరికరం సిద్ధంగా ఉందన్నమాట. ఇలా ఏ రంగంలోనూ జరగలేదు.

బొమ్మ ఎలా ఉంటుందంటే, వ్యాసం ఒక్కోసారి మారినప్పుడల్లా ఒక కొత్త కూర్పు, దానికో నిలువు గీత. వ్యాసం ఎంత పొడుగైతే గీత అంత పొడుగు. రాసిన మనిషికో రంగు. మీరు రాసిన వాక్యం తర్వాతి కూర్పులో కూడా బతికుంటే మీ రంగు పట్టీ అలా కుడివైపుకి సాగుతూ పోతుంది. ఎవరో కొట్టేస్తే అక్కడితో తెగిపోతుంది. పేరు పెట్టుకోకుండా వచ్చి రాసిపోయినవాళ్లకి బూడిద రంగు. దూరం నుంచి చూస్తే మేడ మీద ఆరేసిన చీరల్లా ఉంటుంది. దగ్గరికెళ్తే ప్రతి మడత కిందా ఒక తగువు.

ఇంగ్లీషు వికీపీడియాలో చాక్లెట్ వ్యాసానికి వాళ్లు గీసిన బొమ్మ ఈ రంగంలో బాగా పేరున్నది. అందులో ఒకచోట పట్టీ రంపంపళ్లలాగా కిందికీ పైకీ కొట్టుకుంటుంది. సంగతేమిటని చూస్తే, కూలాజ్ అనే ఒకరకం చాక్లెట్ శిల్పం ఉందని ఒకాయన, లేనే లేదని ఇంకొకాయన. ఈయన రాస్తాడు, ఆయన కొట్టేస్తాడు, ఈయన మళ్లీ రాస్తాడు. తినే వస్తువు మీద ఇంత పట్టుదల మనకెందుకు లేదని నాకు నిజంగా బాధ కలిగింది. మాడుగుల హల్వాతో శిల్పం చెయ్యొచ్చా లేదా అని ఇన్నేళ్లలో ఉత్తరాంధ్రలో ఒక్కరైనా ఒక్క రాత్రి నిద్ర మానుకున్నారా?

మరో సంగతి కూడా ఆ బొమ్మల్లో తేలింది. ఎవడో ఆకతాయి వచ్చి వ్యాసం మొత్తం ఖాళీ చేసేస్తాడు. కూర్పుల లెక్కన గీస్తే అక్కడ బొమ్మ నిలువునా చీరుకుపోయినట్టు కనిపిస్తుంది. అదే బొమ్మని గడియారం లెక్కన గీస్తే ఆ చీలిక మాయం, ఎందుకంటే రెండు మూడు నిమిషాల్లోనే ఎవరో చూసి వెనక్కి తెచ్చేశారు. ఇది విన్న పోర్టు పెద్దాయన చాలాసేపు ఆలోచించి, "అయితే తప్పంతా గడియారం లేకపోడంలో ఉందన్నమాట" అన్నారు. నాకు అర్థం కాలేదు. కానీ ఆయన చెప్పిన తీరులో అర్థం ఉన్నట్టే ఉంది.

ఇంకొకటి, ముందు వచ్చి రాసినవాడి వాక్యాలే ఎక్కువకాలం నిలుస్తాయట. వెనక వచ్చినవాళ్లు చుట్టూ సర్దుతారు కానీ పునాది కదపరు. ఇందుకు పరిశోధన అక్కర్లేదు, ఆర్టీసీ కాంప్లెక్సులో నిలబడితే చాలు. బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరినవాడిదే సీటు. వాడు కూర్చోడానికి అర్హుడా కాదా అన్నది తర్వాత చర్చ పేజీలో, అంటే వికీపీడియాలో వ్యాసం గురించి వాదించుకునే పేజీలో తేల్చుకోవాలి.

మనకి ఈ శాస్త్రం కొత్తదని మేనల్లుడు అనుకుంటున్నాడు. సింహాచలంలో అప్పన్న స్వామికి అక్షయ తృతీయ నాడు చందనం వలిచి నిజరూప దర్శనం ఇస్తారు. ఆ రోజు ఒక పూత, తర్వాత వైశాఖ పౌర్ణమికి, జ్యేష్ఠ పౌర్ణమికి, ఆషాఢ పౌర్ణమికి ఒక్కొక్కటి, విడతకి మూడు మణుగుల చొప్పున పన్నెండు మణుగుల చందనం అద్దుతారు. ఏ పూత ఏ తిథినాడు ఎంత తూకంలో పడిందో లెక్క ఉంది. కూర్పుల చరిత్ర అంటే ఇదే కదా! తేడా ఒక్కటే. అక్కడ వలిస్తే లోపల దేవుడుంటాడు. వికీపీడియా వ్యాసాన్ని వలుచుకుంటూ మొదటి కూర్పు దాకా పోతే అక్కడ ఒకటిన్నర వాక్యం, రెండు అచ్చుతప్పులు ఉంటాయి. దాన్ని మొలక అంటారు.

ఇక మా గట్టు సంగతి. మేనల్లుడు వారం రోజులు ఫోన్లో మా మాటలు రికార్డు చేసి, పెద్ద కాగితం మీద ప్రింటు తీసి తెచ్చాడు. పోర్టు పెద్దాయనకి నీలం, మాస్టారికి ఎరుపు, ఇన్సూరెన్సాయనకి ఆకుపచ్చ, నాకు పసుపు, గార్డుగారికి నారింజ. బొమ్మ నిండా నీలం, ఎరుపు రంపంపళ్లు. పోర్టు పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని చూసి చాలా సంతోషించారు. ఆయన ఏం చెప్పారన్నది బొమ్మలో లేదు, ఎంత చెప్పారన్నదే ఉంది. ఈ పరికరాన్ని కనిపెట్టినవాళ్లకి ఆయన తరఫున నమస్కారాలు.

గార్డుగారి నారింజ పట్టీ మాత్రం విచిత్రంగా ఉంది. ఏ రోజు చూసినా చివర్లో వచ్చి మొత్తం ఆక్రమించేస్తుంది. ఇంగ్లీషు వికీపీడియాలో ఏ వ్యాసం తెరిచి అందులో మొదటి లింకు నొక్కుకుంటూ పోయినా ఎక్కువసార్లు తత్త్వశాస్త్రం దగ్గరికి చేరుతుందని ఒక ముచ్చట ఉంది. మా గట్టు మీద ఏ విషయం మొదలెట్టినా భోగాపురంలో గజం ఎంత అన్న దగ్గరికి చేరుతుంది. సబ్‌మెరైన్ నుంచి అక్కడికి నాలుగు లింకులు చాలు. నేవీ, విమానాలు, కొత్త విమానాశ్రయం, గజం ఎంత.

నాకు నచ్చింది మాత్రం తగువుని కొలిచే సూత్రం. 2012లో తాహా యాసెరీ, ఆయన తోటివాళ్లు ప్రచురించారు. ఎవరెవరు ఒకరి మార్పుని ఒకరు తిరగ్గొట్టుకున్నారో ఆ జంటల్ని లెక్కపెడతారు. జంటలో ఎవరు తక్కువ మార్పులు చేశారో ఆ అంకెనే తీసుకుంటారు. అంటే పాత కాపు, కొత్తగా వచ్చిన కుర్రాడు కొట్టుకుంటే దానికి పెద్ద విలువ లేదు. ఇద్దరు పాత కాపులు కొట్టుకుంటేనే అసలైన వివాదం. ఆ తర్వాత, అందరికన్నా ఎక్కువ కొట్టుకున్న జంటని లెక్కలోంచి తీసేస్తారు. అది విషయం మీద గొడవ కాదు, వ్యక్తిగతం అని వాళ్ల ఉద్దేశం. మిగిలినదాన్ని అంతా కూడి, పాల్గొన్నవాళ్ల సంఖ్యతో హెచ్చవేస్తారు.

మేనల్లుడు మా గట్టుకి ఈ సూత్రం వేశాడు. సూత్రం ప్రకారం పోర్టు పెద్దాయన, లెక్కల మాస్టారు జంటని తీసేశాడు. మిగిలింది సున్నా. శాస్త్రీయంగా చూస్తే వాడు రికార్డు చేసిన వారం రోజుల్లో మా గట్టు మీద ఏ వివాదమూ జరగలేదు. మాస్టారు ఆ లెక్క తీసుకుని మూడుసార్లు చేసి చూశారు. మూడుసార్లూ సున్నాయే వచ్చింది. "లెక్క కరెక్టే. కానీ దీనికి మూలం ఏటండీ?" అన్నారు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. వియేగస్, వాటెన్‌బర్గ్ వాళ్లదే క్రోమోగ్రామ్ అని ఇంకొకటి. అందులో మాటకున్న మొదటి మూడు అక్షరాల్ని బట్టి రంగు వస్తుంది. తెలుగులో వేస్తే కలెక్టరు, కరివేపాకు, కనకమహాలక్ష్మి ఒక రంగు కుటుంబం అవుతారు. 2013లో ఇద్దరు అమెరికా కుర్రాళ్లు వికీపీడియా మార్పుల్ని వినిపించేలా కూడా చేశారు. ఏదైనా చేరిస్తే గంట, తీసేస్తే తీగ మీటిన శబ్దం, మార్పు ఎంత పెద్దదైతే శబ్దం అంత మంద్రంగా. ఇంట్లో పెట్టి వదిలేస్తే మా ఆవిడ, "పక్కింట్లో వ్రతం ఉన్నట్టుంది, మనల్ని పిలవలేదేంటి?" అని రెండు రోజులు ముభావంగా ఉంది.

ఇంత మంచి శాస్త్రం కంప్యూటర్లలోనే ఉండిపోవడం నాకు సుతరామూ ఇష్టం లేదు. ముందుగా మన రోడ్లకి హిస్టరీ ఫ్లో గీయాలి. నగరంలో ఒక రోడ్డుని తీసుకోండి, ఏదైనా ఫరవాలేదు. ఒకరు తారు పోస్తారు. నెల తిరక్కుండా పైపుల కోసం ఇంకొకరు తవ్వుతారు. పూడ్చి మళ్లీ పోస్తారు. కేబుళ్లవాళ్లు తవ్వుతారు. ఇది చాక్లెట్ రంపంపళ్లే! వికీపీడియాలో ఒకే పేజీని ఒక మనిషి 24 గంటల్లో మూడుసార్ల కంటే ఎక్కువ తిరగ్గొట్టకూడదని నియమం ఉంది. మీరితే కొన్నాళ్లు రాయనివ్వరు. రోడ్లకి 24 గంటలు అడగను, అత్యాశ అవుతుంది. ఏడాదికి మూడుసార్లు అని పెట్టినా చాలు. గుంత పక్కన బోర్డు మీద సారాంశం కూడా రాయాలి, "చిన్న మార్పు" అని. తెలుగు వికీపీడియాలో నలుగురూ కూడి మాట్లాడుకునే పేజీకి రచ్చబండ అని పేరు. రోడ్డుకి ఆ సదుపాయం టీ కొట్టు రూపంలో ముందే ఉంది.

ఇదంతా జరుగుతుంటే ఇన్సూరెన్సాయనకి ఒక ప్రమాదకరమైన ఆలోచన వచ్చింది. "ఎదురుగానే ఉంది కదండీ, రోడ్డు దాటి మ్యూజియంవాళ్లని అడిగేస్తే పోదా?" అన్నారు. గట్టు మీద నిశ్శబ్దం. అప్పుడు నేను కలగజేసుకోవలసి వచ్చింది. వికీపీడియాలో సొంత పరిశోధన నిషిద్ధం. మీ కళ్లతో చూసి వచ్చి రాస్తే చెల్లదు, అచ్చులో వచ్చింది చూపించాలి. రోడ్డు దాటడం సొంత పరిశోధన కిందికే వస్తుందని తీర్పు చెప్పాను. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

మర్నాడు పొద్దున్న "ఆఁ" ఆయన మాకన్నా ముందే వచ్చి కూర్చున్నారు. కాగితం ఆయన చేతిలో ఉంది. బొమ్మలో తనకి రంగే లేదని ఆయన రాత్రంతా చూసుకున్నట్టున్నారు. మేం సర్దుకుని కూర్చున్నాక జేబులోంచి పర్సు తీసి, అందులోంచి ఒక పాత టికెట్టు ముక్క తీసి గట్టు మీద పెట్టారు. కురుసుర మ్యూజియం ప్రవేశ టికెట్టు. తారీఖు 2002 సెప్టెంబరు. అచ్చులో ఉంది.

"మీ దగ్గరుందని ఇన్ని రోజులూ చెప్పలేదేంటండీ?" అన్నారు మాస్టారు.

"ఆఁ," అన్నారాయన.

ఇంత పెద్ద మార్పు చేసిన మనిషిని బూడిద రంగులో వదిలేయడం అన్యాయమని అందరం ఒప్పుకున్నాం. మా గట్టు చరిత్రలో అందరం ఒప్పుకున్నది ఇదొక్కటే. ఏ రంగు ఇవ్వాలన్న దాని మీద ఈరోజుకి నాలుగో రోజు చర్చ నడుస్తోంది. సముద్రపు రంగు ఇద్దామంటే అది నీలంలోకి వస్తుందని పోర్టు పెద్దాయన ఒప్పుకోవడం లేదు. సముద్రం నీలం కాదు, ఆకుపచ్చ అని ఇన్సూరెన్సాయన. ఆకుపచ్చ తనది కాబట్టి ఆయనే మళ్లీ వద్దంటున్నారు. టికెట్టు ఎవరి జేబులో ఉందో ఎవరికీ గుర్తులేదు.