మానికలో ఎన్ని గిద్దలు?

మొన్న డిగ్రీ మొదటి ఏడాది తరగతిలో ఆరును అరతో భాగిస్తే ఎంతని అడిగాను. గణితం తీసుకున్న పిల్లలే. చాలామంది మూడన్నారు. పన్నెండని చెప్పిన ఇద్దరు కూడా ‘తిరగేసి గుణించాలి మేడం’ అన్నారే తప్ప, ఎందుకో చెప్పలేకపోయారు.

ఆ రాత్రి వంటింట్లో మా తొమ్మిదేళ్ల పాప బియ్యం డబ్బా ముందు కూర్చుంది. చేతిలో మా అత్తమ్మ దాచిన ఇత్తడి గిద్ద. మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు, సోలకు నాలుగు గిద్దలు. పోసి చూస్తే మానికలో 16 గిద్దలు పట్టాయి. ‘‘కొలత చిన్నదయ్యే కొద్దీ ఎక్కువసార్లు పొయ్యాలి గదమ్మా!’’ అంది. తరగతిలో నాకు దొరకని జవాబు అదే.

పాపను బడి మాన్పించి ఇంట్లోనే చదివించబట్టి రెండేళ్లయింది. నెల్లూరులో ఈ మాట చెబితే మొదటి ప్రశ్న, ‘సర్టిఫికెట్ ఎట్టా?’ 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంది. చేర్చకపోతే వాళ్లకు శిక్ష రాయలేదు. ఇంటి చదువు ఊసే అందులో లేదు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఓపెన్ స్కూల్)లో 3, 5, 8 తరగతులకు సమానమైన స్థాయిలున్నాయి, 14 నిండితే పది రాయొచ్చు. దారి ఉంది కాబట్టి సర్టిఫికెట్ గురించి నాకంత బెంగ లేదు.

నా బెంగంతా ఈ చదువు ఎవరి రెక్కల మీద నడుస్తోందన్నదే. ‘నువ్వెట్టాగూ లెక్చరర్‌వే గదా’ అంటారు బంధువులు, అక్కడికి అదేదో పనే కానట్టు. తెల్లవారుజామున ఐదింటికి పాప పాఠం, తొమ్మిదిన్నరకు కాలేజీ, రాత్రి పేపర్లు దిద్దడం. నేను లేనప్పుడు పాప అత్తమ్మ దగ్గరుంటుంది. ఆమె లేకపోతే నేను ఉద్యోగమన్నా మానాలి, పాపను బడికన్నా పంపాలి. ఇంటి చదువును స్వేచ్ఛ అని పొగిడేవాళ్లు ఈ ఇద్దరు ఆడవాళ్ల గంటల్ని లెక్కలో వేయరు. అమ్మ చదువుకోని ఇంట్లో, చూసుకునే పెద్దదిక్కు లేని ఇంట్లో ఇది కుదరదు. అందుకే అందరూ ఇట్టాగే చేయండని నేననను. పేరు సర్కారు బడిలోనే ఉండి, వారంలో రెండు రోజులు ఇంట్లో చదివే వెసులుబాటు ఇవ్వమని మాత్రం గట్టిగా అడుగుతాను. ల్యాబూ, లైబ్రరీ, ఆటస్థలం బడిలో ఉన్నాయి. అన్నిటికీ మించి స్నేహితులున్నారు.

ఆ లోటు మాత్రం నేను తీర్చలేకపోయాను. పక్కింటి పాప బడి బస్సు దిగి మళ్లీ ట్యూషన్‌కు వెళ్లేలోపు ఉండేది అరగంట. మా పాప నాలుగింటికే చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడుతుంది.