హిండ్రెన్స్ రిజిస్టర్ చదవగలిగే లాయర్లు కావాలి

కేంద్ర ప్రభుత్వ భవనాలు కట్టించే సీపీడబ్ల్యూడీ పనుల్లో హిండ్రెన్స్ రిజిస్టర్, అంటే పనికి వచ్చిన అడ్డంకుల పుస్తకం, అని ఒకటి ఉంటుంది. స్థలం అప్పగించలేదు, డ్రాయింగ్ రాలేదు, కరెంటు స్తంభం తీయలేదు... పని ఏ రోజు ఎందుకు ఆగిందో, మళ్లీ ఎప్పుడు మొదలైందో అందులో రాసి ఇంజినీరు, కాంట్రాక్టరు సంతకాలు పెట్టాలి. ఏడాదిన్నర ఎంట్రీలన్నీ ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో ఉన్నాయంటే అవి చివర్లో కూర్చుని రాసినవని, కోర్టు బయట వివాదం విని తీర్పు చెప్పే ఆర్బిట్రేటర్‌కు తెలిసిపోతుంది. అంతర్జాతీయ నిర్మాణ ఆర్బిట్రేషన్‌లోకి వెళ్లాలనుకునే కుర్ర లాయర్లు ముందుగా పట్టుకోవాల్సింది ఈ రిజిస్టర్‌నే అని నా అభిప్రాయం.

ప్రపంచమంతా వాడే ఫిడిక్ (కన్సల్టింగ్ ఇంజినీర్ల అంతర్జాతీయ సమాఖ్య) నమూనా కాంట్రాక్టునే చూడండి. 1999 రెడ్ బుక్‌లోని 20.1 క్లాజు ప్రకారం అదనపు గడువో డబ్బో కావాలంటే, కారణం తెలిసిన 28 రోజుల్లోగా కాంట్రాక్టర్ నోటీసు ఇవ్వాలి. లేదంటే ఆ క్లెయిమ్ పోయినట్టే. అదే క్లాజు మన దేశంలో ఎదురైతే, గడువు దాటగానే హక్కే పోతుందనే షరతు చెల్లదని భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 28 కింద వాదించే వీలుంది. దేశం మారితే క్లాజు బలం కూడా మారుతుంది. ఈ వృత్తిలో అసలైన చదువు అదే.

పనామా కాలువ విస్తరణను తీసుకోండి. స్పెయిన్‌కు చెందిన సాసిర్ కంపెనీ నేతృత్వంలోని కన్సార్టియం (కంపెనీల కూటమి) 2009లో దాదాపు 310 కోట్ల డాలర్లకు పని దక్కించుకుంది. 2014లో పూర్తి కావాల్సిన పని 2016 జూన్‌లో గానీ అవలేదు. కాంక్రీటుకు వాడే బసాల్ట్ రాయి నాణ్యత మీదే పెద్ద గొడవ. వివాద పరిష్కార బోర్డు కాంట్రాక్టర్‌కు 20 కోట్ల డాలర్లకు పైగా ఇప్పించింది. 2020లో ఐసీసీ (అంతర్జాతీయ వాణిజ్య మండలి) ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్ ఆ నిర్ణయాన్ని చాలావరకు తోసిపుచ్చింది. ఇలాంటి కేసులో చట్టం తెలిసిన లాయర్ ఒక్కరే చాలరు. రాయి గురించి, మిక్స్ డిజైన్ (కాంక్రీటులో ఏది ఎంత కలపాలనే లెక్క) గురించి నిపుణుణ్ని నిలదీయగలగాలి.

ఆలస్యాల లెక్క ఇంకా కష్టం. వర్షం వల్ల 40 రోజులు పోయాయని కాంట్రాక్టర్ అంటాడు. ఆ రోజుల్లోనే డ్రాయింగులు రాలేదని, క్రేన్ కూడా చెడిపోయి ఉందని తేలితే ఆ భారం ఎవరిది? ప్రైమవేరా అనే ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ షెడ్యూలు ముందేసుకుని క్రిటికల్ పాత్‌ను, అంటే ఏ పనులు ఆగితే మొత్తం ప్రాజెక్టే ఆలస్యమవుతుందో ఆ వరుసను, పట్టుకోలేని లాయర్‌కు ఇక్కడ నోరు పెగలదు.

2024 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ, ప్రభుత్వ కాంట్రాక్టుల్లో ఆర్బిట్రేషన్ క్లాజును అలవాటుగా పెట్టవద్దని, పెట్టినా 10 కోట్ల రూపాయల లోపు వివాదాలకే పరిమితం చేయాలని చెప్పింది. రోగమొకటైతే మందొకటి. సైట్‌లో కాగితం సరిగ్గా లేకపోతే ప్రభుత్వం సివిల్ కోర్టులోనూ ఓడిపోతుంది, కాకపోతే ఇంకో పదేళ్లు ఆలస్యంగా.

హైదరాబాద్‌లో 2021 డిసెంబర్‌లోనే అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ సెంటర్ మొదలైంది. ఇంటింటా ఒక బీటెక్ ఉన్న ప్రాంతం మనది. సివిల్ ఇంజినీరింగ్ చదివి, రెండేళ్లు సైట్‌లో చేసి, ఆ తర్వాత లా చదివేవాళ్లకు ఇంతకన్నా అనువైన రంగం నాకు కనిపించడం లేదు. నేరుగా లా చదివేవాళ్ల కోసం మన లా కాలేజీలు ఒక్క పని చేయాలి. ఇంటర్న్‌షిప్‌లో ఒక నెల కోర్టు బదులు ఏ ఫ్లైఓవర్ సైట్‌కో పంపి, ప్లానింగ్ ఇంజినీరు పక్కన కూర్చోబెట్టాలి. రోజూ సాయంత్రం డైలీ రిపోర్టు రాయించాలి.