జీతం సిటీది, చిరునామా ఊరిది

పొద్దున తొమ్మిదింటికి సైబర్ టవర్స్ దగ్గర గచ్చిబౌలి వైపు వెళ్లే బస్సు ఎక్కితే, కండక్టర్ మా దాకా వచ్చేసరికే సగం దారి అయిపోతుంది. నేను ఆధార్ తీసి చూపిస్తాను. ఖమ్మం జిల్లా. జీరో టికెట్ కొట్టి చేతిలో పెడుతుంది. పక్కన నా రూమ్మేట్. ఒకే గదిలో పడుకుని, ఒకే బాత్రూమ్ కోసం పోట్లాడుకుని, ఒకే ఉప్మా తిని బయల్దేరినవాళ్లం. తనది తెనాలి. ‘‘ఇది ఆంధ్రా ఆధార్ కదమ్మా, టికెట్ తీసుకోవాలె’’ అంటుంది కండక్టర్. కసురుకోదు, మామూలుగానే అంటుంది. మొదట్లో మా రూమ్మేట్ ‘‘రెండేళ్లుగా ఇక్కడే ఉంటున్నా అక్కా’’ అని చెప్పేది. ఇప్పుడు చెప్పడం మానేసి చిల్లర ముందే చేతిలో పట్టుకుంటోంది.

రూల్‌ను తప్పుపట్టడం లేదు. 2023 డిసెంబర్ 9న మొదలైన, బస్సులో ఉచిత ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం తెలంగాణ మహిళలకు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో ఉచిత ప్రయాణం ఉంది, అది అక్కడి మహిళలకు. అంటే మా రూమ్మేట్ తెనాలి నుంచి గుంటూరు వెళ్తే ఫ్రీ. కాకపోతే ఏడాది మొత్తంలో తను ఊళ్లో ఉండేది పట్టుమని ఇరవై రోజులు. సంక్రాంతికి ఓ వారం, దసరాకు నాలుగు రోజులు, ఎవరిదైనా పెళ్లయితే ఇంకో రెండు. మిగతా రోజులన్నీ మాదాపూర్‌లో ఈ హాస్టల్లోనే.

ఇదే అమ్మాయి పే స్లిప్ చూడండి. కోతల వరుసలో పీఎఫ్ తర్వాతి లైనులో ‘వృత్తి పన్ను 200’ అని ఉంటుంది. నెలకు 20 వేలు దాటిన జీతం ఎవరిదైనా తెలంగాణ ప్రభుత్వం తీసుకునే పన్ను అది. ఏడాదికి 2,400. అది కోసేటప్పుడు ఆధార్ ఏ జిల్లాదని ఎవరూ అడగరు. ఉద్యోగం ఎక్కడ చేస్తే పన్ను అక్కడ కట్టాలనే లెక్క దానిది. ఇచ్చేటప్పుడు మాత్రం చిరునామా లెక్క. రెండు లెక్కలూ దేనికది న్యాయమే. రెండింటి మధ్యా ఇరుక్కున్నది మాత్రం మా రూమ్మేట్ లాంటివాళ్లు.

హైదరాబాద్‌లో కుర్ర ఉద్యోగుల కష్టాలంటే ట్రాఫిక్, అద్దెలు, అపరాత్రి క్లయింట్ కాల్స్ అని రాస్తుంటారు. అవన్నీ ఉన్నవే. వాన పడితే బయో డైవర్సిటీ జంక్షన్ దగ్గర ఏమవుతుందో నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. మెట్రో రాయదుర్గంలో ఆగిపోతుంది, మా ఆఫీసులేమో నానక్‌రామ్‌గూడలో ఉంటాయి, మధ్యలో షేర్ ఆటోవాడి దయ. కానీ నాకు వీటన్నిటి కింద ఉన్న అసలు సంగతి వేరే అనిపిస్తుంది. మేం ఇక్కడ పనిచేస్తాం, ఖర్చు పెడతాం, జబ్బు పడతాం. కాగితం మీద మాత్రం ఇక్కడ ఉండం.

ఎందుకుండమో తెలియాలంటే హాస్టల్లో చేరే రోజు చూడాలి. ‘త్రీ షేరింగా, టూ షేరింగా’ అని మొదలవుతుంది. రెండు ఆధార్ జిరాక్సులు, ఆఫీసు ఐడీ జిరాక్స్, రెండు ఫొటోలు, నాన్న ఫోన్ నంబర్ తీసుకుంటారు. రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుంటారు. అడ్వాన్స్ ఫోన్‌పేలో వేయమంటారు, అది కూడా ఒక్కోసారి వాళ్ల బావమరిది నంబర్‌కు. ఖాళీ చేసేటప్పుడు ఆ అడ్వాన్స్‌లోంచి ‘మెయింటెనెన్స్’ అని పదిహేను వందలో రెండు వేలో పట్టుకుంటారని నోటితోనే చెబుతారు. మన కాగితాలన్నీ వాళ్ల బీరువాలోకి వెళ్తాయి. వాళ్ల కాగితం ఒక్కటి కూడా మన చేతికి రాదు. మహా అయితే షాపుల్లో దొరికే బిల్ బుక్కులోంచి చింపిన పసుపు రసీదు. దాని మీద హాస్టల్ పేరుంటుంది, డోర్ నంబర్ ఉండదు.

ఒకసారి నేను ‘‘ఆంటీ, ఇక్కడ ఉంటున్నానని ఒక లెటర్ ఇస్తారా, ఆధార్‌లో అడ్రస్ మార్చుకోవాలి’’ అని అడిగాను. ఆవిడ మంచి మనిషే, జ్వరమొస్తే పెరుగన్నం గదికి పంపిస్తుంది. కానీ ఆ మాట అనగానే మొహం మారిపోయింది. ‘‘అలాంటివి మేం ఇవ్వమమ్మా. బిల్డింగ్ మాది కాదు, మేమూ లీజే’’ అంది. నిజమే. కింద స్థలం యజమాని ఒకరు, బిల్డింగ్ లీజుకు తీసుకున్నది ఇంకొకరు, నడిపేది ఈవిడ. ఈ నిచ్చెనలో ఏ మెట్టు మీదున్నవాళ్లకీ మా పేరు కాగితం మీద ఎక్కడం ఇష్టం ఉండదు. ఎక్కితే మునిసిపాలిటీవాళ్లు ఇది ఇల్లా, వ్యాపారమా అని అడుగుతారు. కరెంటు మీటరు ఏ కేటగిరీదని అడుగుతారు. ఎంతమందిని పెట్టారని అడుగుతారు. అడ్రస్ ప్రూఫ్ లేకపోవడం మా అజాగ్రత్త అనుకుంటారు గానీ, అది ఈ వ్యాపారం నడిచే పద్ధతిలోనే ఉంది.

మరి ఫ్లాట్ తీసుకోవచ్చు కదా అంటారు. కొండాపూర్‌లో టు-లెట్ బోర్డు పట్టుకుని ఫోన్ చేసి చూడండి. మొదటి ప్రశ్న ‘ఫ్యామిలీయేనా?’ పెళ్లికాని నలుగురు అమ్మాయిలమంటే ‘ఓనర్‌ను అడిగి చెప్తా’ అంటారు, ఆ ఫోన్ మళ్లీ రాదు. అబ్బాయిలకైతే ఆ మర్యాద కూడా ఉండదు. ఎలాగో దొరికితే అగ్రిమెంట్ 11 నెలలకు రాస్తారు. ఏడాది దాటితే రిజిస్టర్ చేయించాల్సి వస్తుందనే లెక్కతో ఆ పదకొండు. అందులోనూ ఒక్కరి పేరే ఉంటుంది. మిగతా ముగ్గురూ ఆ ఇంట్లో ఉన్నట్టు సాక్ష్యం వాచ్‌మన్ ఒక్కడే.

ఇక్కడ మధ్యలో ఒక మాట. ఇదివరకు టాక్స్ పుణ్యమా అని కొంతైనా కాగితం పుట్టేది. హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు కావాలంటే అద్దె రసీదులు పెట్టాలి, ఏడాది అద్దె లక్ష దాటితే ఓనర్ పాన్ నంబర్ కూడా ఇవ్వాలి. జనవరి వచ్చిందంటే ప్రతి హాస్టల్లోనూ ఆ రసీదుల కోసం గొడవే. కొత్త పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు లేదు. 2025 బడ్జెట్‌తో 12 లక్షల ఆదాయం దాకా ఎలాగూ పన్ను పడడం లేదు. మంచిదే, చేతికి నాలుగు డబ్బులు ఎక్కువ వస్తున్నాయి. కానీ ఓనర్ దగ్గరికెళ్లి ‘రసీదు ఇవ్వండి’ అని గట్టిగా అడగడానికి ఉన్న ఒక్క కారణమూ దాంతో పోయింది. ఇప్పుడు మా హాస్టల్లో జనవరి ప్రశాంతంగా గడుస్తోంది.

నవ్వొచ్చే విషయం ఏంటంటే, మా అడ్రస్ తెలియనిది ప్రభుత్వానికి మాత్రమే. డెలివరీ యాప్‌లో ‘హోమ్’ అని నొక్కితే చుక్క సరిగ్గా మా హాస్టల్ గేటు మీద పడుతుంది. రాత్రి పదకొండింటికి బిర్యానీ తెచ్చిన అబ్బాయి ‘‘మేడం, నాలుగో ఫ్లోర్ లైట్ వెలుగుతున్నదేనా?’’ అని కింద నుంచే అడుగుతాడు. ఏ గదిలో ఎవరు ఏ రోజు ఏం తింటారో వాళ్లకు లెక్కుంటుంది. వాళ్లకు జిరాక్స్ అక్కర్లేదు. ఓటీపీ చాలు.

ఈ సిటీలో ‘లోకల్’ అనే మాటకు చాలా బరువుంది, ఆ సంగతి మరిచిపోయి మాట్లాడితే తప్పవుతుంది. 1919లో నిజాం ఫర్మానాతో వచ్చిన ముల్కీ (స్థానికుల) నిబంధనల్లో 15 ఏళ్ల నివాసం లెక్క ఉండేది. 1952లో హైదరాబాద్ రోడ్ల మీద విద్యార్థులు చనిపోయింది, 1969లో ఉద్యమం లేచింది ఆ స్థానికత గురించే. పోలీసు నియామకాల్లో హైదరాబాద్ ఫ్రీ జోన్, అంటే స్థానికత లెక్క వర్తించని చోటు అని 2009లో సుప్రీంకోర్టు అన్నాక ఏం జరిగిందో మా తరం కూడా చూసింది. నిబంధనల్ని పక్కనపెట్టి బయటివాళ్లను తెచ్చి పెట్టారనే కోపంలోంచి పుట్టిన మాట అది. కాబట్టి చిరునామా గురించి ప్రభుత్వం పట్టుగా ఉండడాన్ని నేను అర్థం చేసుకోగలను.

కానీ మాది ఆంధ్రా, తెలంగాణ గొడవ కాదు. నాకు జీరో టికెట్ వస్తుంది, అంతమాత్రాన నేను హైదరాబాద్ మనిషినైపోలేదు. మా గదిలో మూడో అమ్మాయిది ఆదిలాబాద్. తనూ నాలాగే. మా కార్పొరేటర్ ఎవరో మా ముగ్గురికీ తెలియదు. ఆయనకు మేం ఉన్నట్టే తెలియదు.

ఓటు దగ్గరికొస్తే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీ, లోక్‌సభ, తెలంగాణలో లోక్‌సభ, అన్నీ ఒకే రోజు పడ్డాయి. ముందు రెండ్రోజులూ విజయవాడ హైవే మీది పంతంగి టోల్‌గేట్ దగ్గర సంక్రాంతిని తలపించే రద్దీ. ఊళ్లో ఓటంటే దానికో విలువుంది. నాన్న ఫోన్ చేస్తాడు, పోటీలో ఉన్నవాళ్ల తరఫు మనిషి ఫోన్ చేస్తాడు, ‘కారు పెడతాం, రా తల్లీ’ అంటారు. పంచాయతీ ఎన్నికలైతే మరీను, పది ఓట్ల తేడాతో సర్పంచ్ మారిపోతాడు. హైదరాబాద్‌లో మమ్మల్ని ఓటడిగినవాడు ఇంతవరకు లేడు.

ఎన్నికలయ్యాక మాత్రం తిట్లు మాకే. 2024లో హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో పోలింగ్ 48 శాతం. 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లోనూ సగం దాటలేదు. ‘సాఫ్ట్‌వేర్‌వాళ్లు సెలవు తీసుకుని పడుకున్నారు’ అని టీవీల్లో ఒకటే గోల. ఒక్క నిమిషం లెక్క చూద్దాం. పోలింగ్ శాతం జాబితాలో పేరున్నవాళ్ల మీద కడతారు. జాబితాలో లేనివాడు ఓటేయకపోతే ఆ శాతం ఒక్క పాయింటు కూడా తగ్గదు. మాలో చాలామందిమి ఆ లెక్కలోనే లేము. రెండు చోట్లా పేరుండి సొంతూరికే వెళ్లి వేసొచ్చినవాళ్లు కొందరు ఉంటారు, నిజంగా పడుకున్నవాళ్లూ ఉంటారు. మిగతావాళ్లను లెక్కలోకే రానివ్వకుండా, లెక్క తగ్గించారని తిట్టడం ఏం న్యాయం?

చట్టం నిజానికి మా వైపే ఉంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం, మనిషి సాధారణంగా నివసించే చోటే ఓటరుగా నమోదు కావాలంటుంది. సొంతిల్లుండాలని అనదు. ఇల్లే లేనివాళ్లకు కూడా ఎన్నికల సంఘం దారి చూపించింది. ఫుట్‌పాత్ మీద నిద్రపోయే మనిషి ఫారం ఇస్తే, బూత్ లెవెల్ ఆఫీసర్ రాత్రిపూట వెళ్లి, అక్కడే పడుకుంటున్నాడో లేదో కళ్లారా చూసి నమోదు చేయాలి. ఏ కాగితమూ అడగకూడదు. చదివినప్పుడు ఎంత మంచి నిబంధన అనిపించిందో. ఆ వెంటనే కొంచెం అసూయగా కూడా అనిపించింది, దాచడం ఎందుకు.

లెక్కలో లేకపోతే ఏమైంది, బతుకుతున్నారు కదా అనొచ్చు. మా హాస్టల్‌లో ఐదంతస్తులకూ మెట్లు ఒకే వైపు. వంటగది గ్రౌండ్ ఫ్లోర్‌లో, గ్యాస్ సిలిండర్లు ఆ మెట్ల పక్కనే. మంచాలు నూట పది. లిఫ్ట్ వారంలో రెండ్రోజులు పనిచేయదు. కెటిల్ దొరికితే ఐదొందలు ఫైన్ వేస్తారు, కరెంటు కాలుతుందని. సిలిండర్లు మెట్ల దగ్గర పెట్టినందుకు ఫైన్ వేసేవాళ్లు మాత్రం ఇంతవరకు రాలేదు. మేం ఫిర్యాదు చేయకపోవడానికి కారణం భయం కాదు. ఆరు నెలల్లో ఆఫీసు దగ్గరగా ఇంకో హాస్టల్‌కు మారిపోతామనే ధీమా. మారితే అక్కడా అవే మెట్లు. ఇదే నూట పది మంది ఒకే బూత్‌లో ఓటర్లయితే ఆ సిలిండర్లు వారంలో వెనక్కి వెళ్లేవని నా నమ్మకం. వంద ఓట్లంటే కార్పొరేటర్‌కు చిన్న విషయం కాదు.

మా ఇళ్లవాళ్లనూ కొంత అనాలి. ‘ఓటు ఇక్కడే ఉండనీ, రేషన్ కార్డులో పేరు పోతుంది’ అని మా అమ్మ. ఓటుకూ రేషన్ కార్డుకూ సంబంధం లేదని చెప్పి చెప్పి అలిసిపోయాను. అసలు భయం అది కాదని తర్వాత అర్థమైంది. పేరు అక్కడి నుంచి తీసేస్తే కూతురు నిజంగానే వెళ్లిపోయినట్టు. నాకూ ఆ మాట గుచ్చుకుంది, అందుకే మొన్నటిదాకా వాయిదా వేశాను.

చివరికి ఈ ఏడాది ఆన్‌లైన్‌లో ఫారం 8 పెట్టాను, చిరునామా మార్పుకు. ఉన్న కాగితాలే జత చేశాను. మూడు వారాలకు ఎవరో వచ్చారట. మంగళవారం, పొద్దున పదకొండింటికి. మేమంతా ఆఫీసులో. వచ్చినావిడ బూత్ లెవెల్ ఆఫీసర్ డ్యూటీ చేస్తున్న అంగన్‌వాడీ టీచర్, ఎండలో వీధి వీధీ తిరుగుతూ మా గేటు దగ్గర మంచినీళ్లడిగి తాగిందట. నా పేరు చెప్పి ‘‘ఈ అమ్మాయి ఇక్కడ ఉంటదా?’’ అని అడిగితే, ఆంటీ అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. ‘‘ఇక్కడ ఎవరూ పర్మనెంట్ కాదమ్మా, వస్తుంటారు, పోతుంటారు’’ అందట. టీచర్ ఏదో రాసుకుని వెళ్లిపోయిందని సాయంత్రం వాచ్‌మన్ చెప్పాడు. ఏం రాసుకుందో అతనికి తెలియదు. వెబ్‌సైట్‌లో ఇంకా ‘పరిశీలనలో ఉంది’ అనే చూపిస్తోంది.