ఎండలో టిన్‌టైప్ మసకబారితే లెన్సును తిట్టకండి

ఆరుబయట టిన్‌టైప్ (నల్ల రేకు ప్లేటు మీద నేరుగా తీసే పాతకాలపు ఫోటో) తీసి, ప్లేటు బూడిద రంగులో తేలగానే ఎక్స్‌పోజర్, అంటే వెలుగు పడనిచ్చే సమయం, తగ్గించుకుంటూ పోయేవాళ్లకు ఈ పోస్ట్. చాలాసార్లు తప్పు కెమెరాది కాదు, వేడిది.

నల్ల పూత ఉన్న అల్యూమినియం ప్లేటు మీద కొలోడియన్ (ఈథర్, ఆల్కహాల్ కలిసిన జిగట ద్రావణం) పోసి, నాలుగు మూలలకూ పారించి, మిగిలింది సీసాలోకి వంచేస్తాం. మూల మీద వేలు పెడితే ముద్ర పడాలి, కారకూడదు. ప్లేటుకు వెలుగు పట్టే గుణమిచ్చే సిల్వర్ బాత్‌లో దించాల్సింది అప్పుడే. వేడికి ఈథర్ చకచకా ఎగిరిపోతుంది కాబట్టి చల్లని రోజు అలవాటైన లెక్క ఎండలో పనికిరాదు. ఆలస్యమైతే అంచులు ఎండిపోయి అక్కడ వెండి సరిగా పట్టదు. బాత్ అంటే 100 మి.లీ.కి 9 గ్రాముల సిల్వర్ నైట్రేట్, అందులో 3 నుంచి 4 నిమిషాలు. కళ్లద్దాలు లేకుండా దాని జోలికి వెళ్లొద్దు, చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. ఫ్రేము, ఫోకస్ అన్నీ ప్లేటు పొయ్యకముందే చూసుకోండి. బాత్ నుంచి తీశాక మామూలుగా 10 నిమిషాల్లో డెవలప్ చెయ్యాలి, మండుటెండలో అంత గడువు కూడా ఉండదు.

అసలు ప్లేట్లు పాడయ్యేది డెవలపర్ (బొమ్మను బయటికి తెచ్చే ద్రావణం) దగ్గర. 350 మి.లీ. నీళ్లు, 15 గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్, అసిటిక్ యాసిడ్, ఆల్కహాల్ చెరో 15 మి.లీ. మామూలు రోజుకు సరిపోతాయి. వేడిలో ఇదే డెవలపర్ పరుగెడుతుంది. సీసాను ఐసులో పెట్టండి, అసిటిక్ యాసిడ్ కొంచెం పెంచండి. ఒక అంచు నుంచి ఒక్క ఊపున పారించాలి, ప్లేటు మీది వెండి కొట్టుకుపోకూడదు, పోతే బొమ్మ పలచబడుతుంది. 15 సెకన్లు అటూ ఇటూ. నీడల్లో వివరాలు కనిపించేదాకా ఆగితే ఆలస్యమైనట్టే, ముందే నీళ్లు గుమ్మరించండి.

బొమ్మను నిలబెట్టే ఫిక్సర్‌కి హైపో (సోడియం థయోసల్ఫేట్) చాలు. యాసిడ్ డెవలపర్ పక్కన పొటాషియం సయనైడ్ పెట్టుకుంటే విషవాయువు పుడుతుంది, ఇంట్లో దానికి చోటు లేదు.

ఇంత చేసినా మసక పోకపోతే ఒక ప్లేటు త్యాగం చెయ్యండి. బాత్ నుంచి తీసి, వెలుగు చూపించకుండా నేరుగా డెవలప్ చేసి ఫిక్స్ చెయ్యండి. నల్లగా రాకపోతే బాత్ వేడెక్కి ఉండాలి, లేదా ఆమ్లం తగ్గి ఉండాలి (పీహెచ్ 4 దగ్గరికి రావాలి, పలచని నైట్రిక్ యాసిడ్ చుక్క చుక్కగా వెయ్యండి), లేదా ప్లేటు పని చేసుకునే చీకటి పెట్టె, డార్క్ బాక్స్‌లోకి వెలుగు దూరుతుండాలి. నల్లగానే వస్తే ఇంకో ప్లేటును హోల్డర్‌లో పెట్టి, లెన్సు మూత తియ్యకుండా డార్క్ స్లైడ్ (హోల్డర్‌లో ప్లేటును కప్పే పలక) మాత్రం లాగి మూయండి. దాన్ని డెవలప్ చేస్తే మసక వచ్చిందా, బెల్లోస్‌లో (కెమెరా మడతల గొట్టంలో) చిల్లు వెతకండి. రెండూ నల్లగా వచ్చాకే ఎక్స్‌పోజర్ మీద చెయ్యి వెయ్యండి.