ఒకరోజు యాత్రా ప్యాకేజీ గారికి విన్నపం

మహారాజశ్రీ ఒకరోజు యాత్రా ప్యాకేజీ గారి దివ్యసముఖానికి,

హైదరాబాదులో తెల్లవారుజామున 5 గంటలకు బయలుదేరదీసి, యాదగిరిగుట్టలో నరసింహస్వామి దర్శనం చేయించి, కొలనుపాకలో జైన తీర్థంకరులకు దండం పెట్టించి, వేయిస్తంభాల గుడిని, భద్రకాళి అమ్మవారిని, వరంగల్ కోటను, పాలంపేటలోని రామప్ప గుడిని చూపించి, రాత్రి 11 గంటలకల్లా ఎక్కించుకున్న చోటే దింపుతామన్న మీ హామీ చదివి మా కాలనీ అంతా తబ్బిబ్బయింది. రామప్ప దాకా రానూపోనూ 400 కిలోమీటర్ల పైచిలుకు దారి. ఆ దారి మింగిన గంటలు పోగా మిగిలినదాన్ని టిఫినూ, భోజనమూ, టీలూ పంచుకున్నాక వచ్చేది కాకతీయుల వంతు. ఎనిమిది వందల ఏళ్లుగా నిలబడి ఉన్నవారు ఇంకాస్త ఓపిక పట్టలేకపోతారా అన్నది మీ ధీమా కాబోలు.

గుట్ట మీద క్యూలైను మీ చేతిలో లేదని ఒప్పుకుంటాను. పునర్నిర్మాణం పూర్తయి 2022లో తెరుచుకున్న ఆ ఆలయానికి సెలవురోజున వచ్చే జనం మీ పట్టిక చూసుకుని రారు. అయితే అక్కడ ఆలస్యమైన సమయాన్ని మీరు భోజనంలో కోయరు. పేరుమోసిన ఇత్తడి పనివారున్న పెంబర్తిని వేగంగా దాటించి, ఎక్కడివో తెలియని బొమ్మలమ్మే దుకాణం ముందు మమ్మల్ని నిలబెట్టే అరగంటలోనూ ఒక్క నిమిషం తగ్గించరు (అందులో ఎవరికెంత ముడుతుందో నేనడగను). కోత పడేదల్లా రాళ్ల మీదే. అవి నోరెత్తవు గనుక. కొలనుపాక అలాగే గుమ్మంలోనే తేలిపోయింది.

కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడికి మీరు దయచేసినవి 20 నిమిషాలు. దాని కల్యాణమండపాన్ని 2006లో విప్పదీశాక, మళ్లీ నిలబెట్టి జనానికి తెరిచేసరికి 2024 వచ్చింది. అంతటి పనిని మావాళ్లు నంది పక్కన ఒక గ్రూపు ఫోటోతో చెల్లు చేసేశారు. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి వేర్వేరు గర్భగుళ్లున్న త్రికూటాలయమిదని ఎవరో చెప్పబోతుండగానే హారన్ మోగింది. భద్రకాళి గుడికి చేరింది మధ్యాహ్నం తలుపులు మూశాక.

కోట దగ్గర ఇంకా మంచి ముచ్చట జరిగింది. ఏనుగులూ గుర్రాలూ ఒక్క ఊపున దూసుకురాకుండా ఆనాడు వంకర తిప్పి కట్టిన రాతి ద్వారంలోంచే బస్సు నెమ్మదిగా లోపలికి దూరుతుంటే, అంత్యాక్షరి ఆగిపోయిందన్న విసుగుతో ఒకాయన, 'రోడ్డు తిన్నగా వెయ్యడం చేతకాదా వీళ్లకి?' అన్నాడు. ఏడు శతాబ్దాల తర్వాత కూడా ఆ ద్వారం తన పని తాను చేస్తూనే ఉందని చెప్పవలసిన గైడు గారు ముందు సీట్లో నిద్రపోతున్నారు. లోపల నాలుగు కీర్తితోరణాలున్నాయి. తెలంగాణ ప్రభుత్వ చిహ్నంలో చూసిందే కదా అని ఒకదాని కింద నిలబడి, తక్కిన మూడింటినీ దూరం నుంచే క్షమించి, బస్సెక్కాం.

అందరికన్నా ఘనంగా సత్కరించింది మాత్రం రామప్పనే. యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన ఈ గుడి పేరే మీ కరపత్రంలో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉంది. కాబట్టే దాన్ని చిట్టచివరికి, పొద్దు గూకే వేళకు పెట్టారు. కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడి కంటికి ఆనాలంటే చుట్టూ మెల్లగా తిరగాలి. కింద గోడ వెంబడి ఒకదాని వెనక ఒకటిగా నడిచే ఏనుగుల బారు, పైన చూరును మోస్తున్నట్టు ఏటవాలుగా నిలిచిన మదనికలనే స్త్రీమూర్తులు. ఎర్రటి ఇసుకరాతి గోడ ముందు ఆ నల్లరాతి ఒంపులు తేటగా తెలియాలంటే పగటి వెలుతురు కావాలి. మాకు దొరికింది గైడు గారి టార్చిలైటు. దానితో ఎత్తుమడమల చెప్పులు తొడిగిన మదనిక పాదాలు చూపించి, శిఖరంలోని ఇటుకలు నీళ్లలో తేలుతాయని చెప్పి ఆయన సెలవు తీసుకున్నారు. ఇంత బరువును ఇసుక నింపిన పునాది మీద నిలబెట్టారన్న సంగతిని ఎత్తనేలేదు. మా పక్కసీటు పెద్దమనిషి మాత్రం బస్సు కదలకముందే బావమరిదికి ఫోను చేసి, 'మొత్తం చూసేశాం, ఇక ఆ వైపు ఏమీ మిగల్లేదు' అన్నారు. మీ వ్యాపారానికి ఇంతకన్నా ప్రకటన అక్కరలేదు.

వచ్చే దసరా సెలవులకు ఇదే రోజులో లక్నవరం చెరువునూ, భువనగిరి కోటనూ ఇరికించబోతున్నారని వినికిడి. భువనగిరి ఏకశిలను ఎక్కే శ్రమ లేకుండా కిటికీ పక్క సీట్లవారికి బస్సులోంచే చూపిస్తారట. అందుకు ముందే ఒక మనవి: బస్సును తిన్నగా పాలంపేటకు తోలి, పొద్దున్న ఎండలో రామప్పను చూపించి, తిరుగుదారిలో వరంగల్ కోటనూ వేయిస్తంభాల గుడినీ పెట్టి, గుట్టనూ కొలనుపాకనూ మరో రోజుకు వదలండి. ధర తగ్గించనక్కరలేదు. ఆ దుకాణం ముందు అరగంట కూడా అలాగే ఉంచుకోండి. మీకూ సంసారం ఉంటుంది కదా.

ఇట్లు,
తమ బస్సులో వెనక వరుస ప్రయాణికుడు