బ్రిటిష్ కవిత్వంలో ఆత్మ చచ్చిపోయిందా? ఒక ఫార్వర్డుకు జవాబు

కొంతకాలంగా సాహిత్య గ్రూపుల్లో ఒక మాట చేతులు మారుతూ తిరుగుతోంది. చెప్పే తీరు మారుతుంది గానీ సారం ఇదీ: “ఇంగ్లండు కవిత్వంలో ఆధ్యాత్మికత టి.ఎస్. ఎలియట్‌తో ముగిసింది. తర్వాత లార్కిన్ వచ్చి చర్చికి తాళం వేశాడు. జనమే దేవుణ్ణి వదిలేశాక కవులకు రాయడానికి వెటకారం తప్ప ఏం మిగల్లేదు. ఇప్పుడు ఆత్మ, అంతర్ముఖం అంటూ వచ్చేవన్నీ ఇన్‌స్టాగ్రామ్ ఓదార్పులు. మనిషి మారడం గురించి రాస్తే అది మానసిక చికిత్స గదిలో చెప్పుకునే సొంత గోడు. ఎక్కడైనా నిజమైన లోతు కనిపించిందా, అది మన దేశం నుంచి పట్టుకెళ్ళిందే.”

దీన్ని పంచుతున్నవాళ్ళలో మంచి చదువరులు ఉన్నారు. నాకు బాధ కలిగించేది అదే. వర్డ్స్‌వర్త్‌నీ షెల్లీనీ కీట్స్‌నీ ప్రేమగా చదువుకుని, ఆ గాలి తగిలి భావకవిత్వాన్ని పండించుకున్న భాష మనది. ఆ దేశంలోనే గత డెబ్భై ఎనభై ఏళ్ళుగా వచ్చిన కవిత్వాన్ని పుస్తకం తెరవకుండా కొట్టిపారేస్తే ఎలా?

ఇరవయ్యో శతాబ్దపు పెద్ద కవి ఎలియట్ సంగతి ముందు చూద్దాం. ఆయన నాలుగు దీర్ఘకవితల ‘ఫోర్ క్వార్టెట్స్’లో చివరిది అచ్చయింది 1942లో. సరిగ్గా ఆ ఏడే వేల్స్ కొండల్లో మానవన్ అనే చిన్న ఊరికి ఒక కుర్ర పాస్టరు వచ్చి చేరాడు. పేరు ఆర్.ఎస్. థామస్. నాలుగేళ్ళకు మొదటి సంపుటి వేశాడు. 2000లో చనిపోయేదాకా రాస్తూనే ఉన్నాడు. అంటే, ముగిసిపోయిందని ఈ ఫార్వర్డు చెబుతున్న కథ ఎలియట్ తర్వాత ఇంకో అర్ధశతాబ్దం పైనే నడిచింది, అది కూడా ఒక్క మనిషి చేతిలో.

థామస్‌ని చదవడం తేలిక కాదు. మొదట్లో ఆయన రాసింది బురదలో, చలిలో, గొర్రెల వెంట తిరిగే రైతుల గురించి. వాళ్ళ మోటుతనాన్నీ ఒంటరితనాన్నీ తియ్యబరచకుండా రాశాడు. 1967లో లీన్ ద్వీపకల్పం కొసన ఉన్న అబర్‌దారన్‌కి మారాడు. అక్కడ చర్చి గోడ దాటితే సముద్రమే. ఆ తర్వాతి కవితల్లో దేవుడే ముఖ్యమైన విషయం, కానీ ఆ దేవుడు పలకడు. ‘నీలింగ్’ అనే కవితలో రాతి చర్చిలో, కొయ్య బలిపీఠం ముందు, వేసవిలో మోకరిల్లి ఒక పాస్టరు దేవుడు మాట్లాడతాడేమోనని చూస్తుంటాడు. కవిత ముగిసేసరికి మాట రాదు. అర్థమంతా ఆ ఎదురుచూపులోనే ఉందని తేలుతుంది. 1972 సంపుటిలోని ‘వయా నెగటివా’ (కాదనుకుంటూ పోయే దారి) కవితలో ఇంకా ముందుకు వెళ్ళాడు: దేవుడంటే మన బతుకుల్లోని ఒక పెద్ద లేమి, నక్షత్రాల మధ్య చీకటి, ఇప్పుడే ఎవరో నడిచి వెళ్ళిన అడుగుజాడ. ఆదివారం వేదిక ఎక్కి బోధ చేయాల్సిన మనిషి ఇలా రాయడానికి ఎంత ధైర్యం, ఎంత నిజాయితీ కావాలో ఆలోచించండి. తన వృత్తి ఇచ్చిన సిద్ధ సమాధానాల వెనక దాక్కోలేదు, తనకు వినపడని మాటను వినపడినట్టు చెప్పలేదు. నాకు ఆయన ఎలియట్ కన్నా దగ్గరగా అనిపించేది ఇక్కడే.

అదే కాలంలో జెఫ్రీ హిల్, ఎలిజబెత్ జెన్నింగ్స్ ఉన్నారు. హిల్ 1978 నాటి సంపుటి ‘టెనెబ్రే’లో భక్తిని ప్రేమించే మనసు, ఆ భక్తిలోని ఆత్మవంచనను పట్టుకునే మనసు ఒకే సానెట్‌లో, అంటే పద్నాలుగు పంక్తుల కవితలో, పోట్లాడుకుంటాయి. కాథలిక్కు అయిన జెన్నింగ్స్ తన మానసిక అనారోగ్యాన్నీ ఆసుపత్రి రోజులనూ దాచకుండా రాసింది. ఈ ముగ్గురినీ పక్కనపెట్టి ‘ముగిసింది’ అనడం చదవనివాళ్ళకే సాధ్యం.

ఇక ఎలియట్ తర్వాతి తరం ఇంగ్లీషు కవి ఫిలిప్ లార్కిన్. ‘చర్చ్ గోయింగ్’ కవిత రాసింది 1954లో, మరుసటేడు సంపుటిలో వచ్చింది. అందులో మనిషి సైకిల్ మీద వచ్చి, లోపల ప్రార్థన ఏదీ జరగడం లేదని చూసుకుని ఖాళీ చర్చిలోకి వెళతాడు. నెత్తిన టోపీ లేదు కాబట్టి, మర్యాద కోసం ప్యాంటుకు పెట్టుకున్న సైకిల్ క్లిప్పులు తీస్తాడు. హుండీలో చెల్లని ఐరిష్ నాణెం వేస్తాడు. ఆగడానికి ఇక్కడేం లేదనుకుంటాడు. చర్చికి తాళం వేశాడనేవాళ్ళు ఇక్కడికే పుస్తకం మూసేస్తున్నారు. కానీ కవిత అక్కడ మొదలవుతుంది. విశ్వాసం పోయి, చివరికి అవిశ్వాసం కూడా పోయాక ఈ చోటు ఏమవుతుంది అని అడుగుతూ అడుగుతూ చివరి చరణానికి వచ్చేసరికి ఆ మనిషే ఒప్పుకుంటాడు: ఇది గంభీరమైన చోటు, మన కోరికలన్నీ ఇక్కడ కలుసుకుని విధిగా రూపు కట్టాయి, ఎప్పుడూ ఎవరో ఒకరు తనలో గంభీరంగా బతకాలనే ఆకలిని హఠాత్తుగా గుర్తించి ఈ నేలవైపు నడుస్తూనే ఉంటారు. ఆకలి అనే మాట ఆయనదే. లార్కిన్ ఆఖరి దాకా నమ్మని మనిషే, సందేహం లేదు. 1977లో వచ్చిన ‘ఓబాద్’ కవితలో మతాన్ని చావు భయం కప్పుకోవడానికి అల్లుకున్న చిమ్మెటలు కొట్టిన పాత జలతారుగా చూశాడు. అయినా నాకు ఒక మతాన్ని కట్టే పని అప్పజెబితే నీళ్ళతో కడతానని, తూర్పున ఒక గ్లాసు నీళ్ళు ఎత్తి పట్టి అందులో వెలుగు నలుమూలల నుంచీ వచ్చి చేరేలా చేస్తానని రాసింది కూడా ఈ మనిషే. అపనమ్మకంలో ఉన్నవాడికి కూడా ఆ ఆకలి ఉంటుందని లార్కిన్ సాక్ష్యం చెప్పాడు. ఆ సాక్ష్యాన్ని తిరగేసి ఆయన మీదే పెట్టడం తప్పు.

జనం దేవుణ్ణి వదిలేశారన్న మాటకు లెక్కల ఆధారం ఉంది, దాన్ని కాదనను. 2011 జనగణనలో ఇంగ్లండు, వేల్స్‌లలో క్రైస్తవులమని రాసుకున్నవాళ్ళు 59.3 శాతం. 2021లో అది 46.2 శాతానికి పడిపోయింది. మతం లేదన్నవాళ్ళు 37.2 శాతం. కానీ జనగణన అడిగేది నీ మతమేది అని. రాత్రి పూట నీకు ఏం కావాలనిపిస్తుంది అని అది అడగదు. ఆ ప్రశ్నను కవులు అడిగారు.

కరోల్ ఆన్ డఫీ కాథలిక్ కుటుంబంలో పెరిగి ఆ విశ్వాసం నుంచి బయటికి వచ్చిన కవి. 2009 నుంచి 2019 దాకా ఆ దేశపు ఆస్థానకవి. 1993 సంపుటిలోని ‘ప్రేయర్’ అనే సానెట్‌లో ఆమె పట్టుకున్నది ఈ 37 శాతం మందినే అనిపిస్తుంది. మనం ప్రార్థించలేని రోజుల్లో ప్రార్థన దానంతటదే పలుకుతుందంటుంది. చేతుల్లో ముఖం దాచుకున్న ఒకామె తల ఎత్తి చెట్టు పాట వింటుంది. ఒకాయన దూరాన పోతున్న రైలు చప్పుడులో తన చిన్ననాటి లాటిన్ పాఠం విని నిలబడిపోతాడు. ఎవరో పియానో నేర్చుకుంటూ మొదటి తరగతి స్వరాలు వాయిస్తుంటారు. సాయంత్రం వేళ ఎవరో పిల్లవాడి పేరు పెట్టి పిలుస్తుంటే, పోగొట్టుకున్నదాన్ని పిలుస్తున్నట్టు ఉంటుంది. చివరికి రేడియో. ఓడలవాళ్ళ కోసం బీబీసీ చదివే సముద్ర వాతావరణ సూచనలోని ప్రాంతాల పేర్లు నాలుగు, ఒకదాని వెంట ఒకటి, జపంలా వచ్చి కవిత ఆగిపోతుంది. ఆ పేర్లలో చివరిదైన ఫినిస్టెర్‌ను 2002లో ఫిట్జ్‌రాయ్‌గా మార్చేశారు. రేడియోలో పోయిన పేరు ఈ కవితలో ఉండిపోయింది. ఇందులో దేవుడి ప్రస్తావన ఒక్కసారి కూడా రాదు. ఇది ఆధ్యాత్మికం కాదని ఎవరైనా నాతో వాదిస్తే, ఆ మాటకు వాళ్ళ దగ్గర అర్థమేమిటో ముందు చెప్పమంటాను.

అటునుంచి ఇటు వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. మైకేల్ సిమన్స్ రాబర్ట్స్ నాస్తికుడిగా ఆక్స్‌ఫర్డ్‌లో తత్వశాస్త్రం, మతశాస్త్రం చదవడానికి వెళ్ళి, తర్వాత కాథలిక్ అయ్యాడు. 2013లో వచ్చిన ఆయన ‘డ్రైసాల్టర్’లో 150 కవితలు, ఒక్కొక్కటీ 15 పంక్తులు. బైబిల్లో కీర్తనలు 150 కదా, ఆ లెక్క. ఆ ఏడు ‘ఫార్వర్డ్’ అనే కవితా బహుమతీ కోస్టా కవితా పురస్కారమూ రెండూ దానికే వచ్చాయి. కీర్తనల అచ్చులో పోసిన పుస్తకాన్ని దేవుణ్ణి వదిలేసిందంటున్న ఆ దేశపు సాహిత్యలోకం నెత్తిన పెట్టుకుంది.

ఇన్‌స్టాగ్రామ్ గురించి ఎక్కువ చెప్పను. అక్కడ నాలుగు ముక్కల ఓదార్పులు బాగా అమ్ముడవుతున్న మాట నిజం. అయితే ఈ ఫార్వర్డు కింద వ్యాఖ్యల్లో తరచూ ఉదాహరణగా ఇచ్చే రూపీ కౌర్ కెనడా కవి, బ్రిటన్ కవి కాదు. బ్రిటన్‌లో ఓదార్పు గురించి రాసిన కవిత కావాలంటే రోజర్ రాబిన్సన్‌ని చదవండి. ‘ఎ పోర్టబుల్ పారడైజ్’కి 2019 టి.ఎస్. ఎలియట్ బహుమతి వచ్చింది. పుస్తకానికి పేరిచ్చిన కవితలో, స్వర్గాన్ని ఎప్పుడూ ఒంటిమీదే దాచుకుని తిరగమని నాయనమ్మ చెప్పిందంటాడు, ఎవరూ దొంగిలించకుండా. బతుకు మరీ పిండేసినప్పుడు ఏదో ఒక ఖాళీ గది చూసుకుని, దీపం వెలిగించి, ఆ స్వర్గాన్ని బల్ల మీద ఒంపుకుని, నిద్ర పట్టేదాకా చూస్తూ ఉండాలట. ఈ కవిత ఉన్న పుస్తకమే 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయిన ఘోరాన్ని కూడా మోస్తోంది. మంటల్లో పోయినవాళ్ళు చర్చి బల్లల మీంచి ఒక్కొక్కరే తేలికై గాల్లోకి లేచిపోతున్నట్టు ఒక కవిత ఉంది. ఆ శవాల లెక్క తెలిసి రాసిన ఓదార్పుకూ ఫోన్ తెర మీద పూల బొమ్మ పక్కన రాసిన ఓదార్పుకూ పోలిక లేదు.

మనిషి మారడం అంటే చికిత్స గది గోడు అన్న మాట నాకు అన్నిటికన్నా కోపం తెప్పిస్తుంది. ఆలిస్ ఆస్వాల్డ్ అనే కవి ‘డార్ట్’ కోసం మూడేళ్ళు డెవన్‌లోని డార్ట్ నది ఒడ్డున బతికేవాళ్ళ, పనిచేసేవాళ్ళ మాటలు రికార్డు చేసుకుంది. 2002లో వచ్చిన ఆ దీర్ఘకవితలో నడిచేవాడు, దొంగచాటుగా చేపలు పట్టేవాడు, పాల కేంద్రంలో పనివాడు, మురుగునీటి శుద్ధి చేసేవాడు, అందరూ ఒకే నది గొంతులోకి కరిగిపోతారు. చివరికి సముద్రం దగ్గర రూపాలు మార్చే గ్రీకు దేవత ప్రోటియస్ మాట్లాడతాడు. ఇందులో కవి సొంత గోడు వెతికినా దొరకదు. ‘నేను’ అనేది పలచబడి నలుగురిలో కలిసిపోవడమే ఇక్కడ మార్పు. 1708లో పెట్టిన ఆక్స్‌ఫర్డ్ కవిత్వ ఆచార్య పీఠంలో కూర్చున్న మొదటి స్త్రీ ఈమే, 2019లో. జో షాప్‌కాట్ రొమ్ము క్యాన్సరు తర్వాత రాసిన ‘ఆఫ్ మ్యుటబిలిటీ’ 2010 కోస్టా ఉత్తమ పుస్తకంగా నిలిచింది. అందులో జబ్బు కథ చెప్పుకోదు, మారిపోతున్న శరీరాన్ని కుతూహలంగా, దాదాపు ఆనందంగా చూస్తుంది. కే టెంపెస్ట్ 2014లో ‘హోల్డ్ యువర్ ఓన్’ రాస్తూ ఎత్తుకున్నది గ్రీకు పురాణాల్లోని టైరీసియస్ కథ: కుర్రవాడుగా ఉండి, స్త్రీగా మారి, మళ్ళీ పురుషుడై, చివరికి చూపు పోయి భవిష్యత్తు చూడగలిగినవాడి కథ. ఆరేళ్ళకు, 2020లో, టెంపెస్ట్ తన పేరు మార్చుకుని తాను స్త్రీ పురుష విభజనలో ఇమడనని బయటికి చెప్పుకోవడం జరిగింది. ఆ మాట జీవితంలో అనడానికి ముందు దాన్ని కవిత్వంలో వేల ఏళ్ళ పాత కథతో కలిపి మోయాల్సి వచ్చింది. దీన్ని గోడు అని కొట్టేస్తే మన పురాణాల్లో బృహన్నల, శిఖండి కథలను ఏమనాలి?

చివరిది, మన దేశం నుంచి పట్టుకెళ్ళారన్నది. వినడానికి మనకు బాగుంటుంది కాబట్టి ఎవరూ పరీక్షించరు. ఎలియట్ ‘వేస్ట్ లాండ్’ను శాంతి మంత్రంతో ముగించాడు, హార్వర్డ్‌లో సంస్కృతం చదివాడు, అంతా నిజమే. కానీ అదే ఎలియట్ చివరి క్వార్టెట్‌లో అంతా మంచే జరుగుతుందని పదే పదే వచ్చే మాట 1373లో దర్శనాలు చూసిన నార్విచ్ ఊరి క్రైస్తవ సాధ్వి జూలియన్‌ది. థామస్ చెప్పిన పలకని దేవుణ్ణి చూసి మనకు ఉపనిషత్తుల ‘నేతి నేతి’ (ఇది కాదు, ఇది కాదు) గుర్తొస్తుంది. అయితే దేవుడు ఆలోచనకు అందడు, ప్రేమకే అందుతాడు అని చెప్పిన ‘క్లౌడ్ ఆఫ్ అన్‌నోయింగ్’ అనే పుస్తకం ఆ దేశంలో, ఆ భాషలోనే, పద్నాలుగో శతాబ్దంలో పేరు చెప్పుకోని ఒకరు రాసి పెట్టారు. వాళ్ళ బావి వాళ్ళకు ఉంది. మన దగ్గర తీసుకున్నవాళ్ళు దాచుకోలేదు కూడా. టెమెనోస్ పత్రిక నడిపిన కవి కేథలీన్ రెయిన్ భారతదేశానికి తన రుణాన్ని పుస్తకం రాసి మరీ చెప్పుకుంది. పంజాబీ కుటుంబంలో పుట్టిన దల్జీత్ నాగ్రా 2013లో రామాయణాన్నే ఇంగ్లీషు కవిత్వంగా తిరిగి చెప్పాడు. బౌద్ధ సంఘంలో దీక్ష తీసుకున్న మైత్రేయబంధు ఆ పేరుతోనే లండన్‌లో కవిత్వం రాస్తున్నాడు.

అసలు ‘వాళ్ళు’, ‘మనం’ అని గీత ఎక్కడ గీస్తారు? ఇమ్తియాజ్ ధార్కర్ లాహోర్‌లో పుట్టి, గ్లాస్గోలో పెరిగి, ముంబయిలో, లండన్‌లో బతికిన కవి. తాను స్కాటిష్ ముస్లిం కాల్వినిస్టునని (కాల్వినిజం ప్రొటెస్టెంటు క్రైస్తవంలో ఒక కట్టుదిట్టమైన శాఖ) చెప్పుకుంది. ఆమె ‘టిష్యూ’ కవిత ఎక్యూఏ బోర్డు పెట్టే, మన పదో తరగతి లాంటి జీసీఎస్ఈ పరీక్షకు పాఠం. బ్రిటన్‌లో చదువుతున్న మన తెలుగు పిల్లల్లోనూ ఎందరో దాన్ని చదువుతారు. వెలుగును లోపలికి రానిచ్చే పలుచని కాగితం గురించిన కవిత అది. ఖురాను చివరి పుటలో ఎవరికి ఎవరు పుట్టారో, ఎంత బరువున్నారో, ఎవరు ఎక్కడ ఎలా పోయారో ఒక చెయ్యి రాసి పెట్టింది, మన ఇళ్ళలో పంచాంగం అంచుల్లో పుట్టుకలు రాసుకున్నట్టే. తరతరాల వేళ్ళు నిమిరి నిమిరి ఆ పుటలు పారదర్శకమయ్యాయి. కవిత సాగుతూ పటాలు, రసీదులు, కట్టడాలు అన్నీ ఆ కాగితంలా పలచబడతాయి. ఆఖరి పంక్తిలో ఆ కాగితం చదివేవాడి చర్మంగా మారుతుంది. మతగ్రంథం, ఇంటి చరిత్ర, మనిషి రూపాంతరం మూడూ ఆ చిన్న కవితలో ఉన్నాయి. అక్కడ పిల్లలున్న తల్లిదండ్రులు ఈ ఫార్వర్డును ముందుకు పంపేముందు ఆ పాఠం ఒక్కసారి అడిగి చదవండి.