నీటిగుంట దగ్గర బావమరిది

వీధుల్లో ఈ మధ్య మామూలు మనుషులకు కరువొచ్చింది. ఎటు చూసినా ఫోటోలు తీసేవాళ్లే తప్ప, దాని జోలికి పోకుండా తమ మానాన తాము నడిచిపోయేవాళ్లు కనబడటం లేదు. మా బావమరిది కూడా తీసేవాళ్ల పార్టీలో చేరాడు. వీధిలో పోయేవాళ్లని ఉన్నదున్నట్టు తీసే ఈ పనిని స్ట్రీట్ ఫోటోగ్రఫీ అంటారట.

1838లో, ఫోటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన దాగేర్ తన కిటికీలోంచి పారిస్ వీధిని ఫోటో తీశాడు. ప్లేటు మీద బొమ్మ పడటానికి నిమిషాలు పట్టడంతో నడిచేవాళ్లూ బళ్లూ అందులో మాయమైపోయారు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒకాయన మాత్రం దొరికిపోయాడు. అంత వీధిలో ఒకే ఒక్క సబ్జెక్టు! ఇప్పుడు లెక్క తిరగబడింది.

2000లో ఇన్‌-పబ్లిక్ అనే బృందం స్ట్రీట్ ఫోటోగ్రాఫర్లని ఆన్‌లైన్‌లో ఒకచోట చేర్చింది. 2004లో ఫోటోలు పెట్టుకునే సైటు ఫ్లికర్, 2010లో ఇన్‌స్టాగ్రామ్ వచ్చాక ఇక ఆగలేదు. ఆయాగా పనిచేస్తూ వీధుల్లో ఫోటోలు తీసిన వివియన్ మేయర్ బతికుండగా తన ఫోటోలు దాదాపు ఎవరికీ చూపించలేదు. ఆమె పోయిన ఏడాదే, 2009లో, ఆ ఫోటోలు ఫ్లికర్‌లోకి ఎక్కితే జనం నివ్వెరపోయారు. మావాడికి ఆవిడంటే ప్రాణం. ఎవరికీ చూపించకపోవడం అనే ఒక్క గుణం తప్ప మిగతావన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నానంటాడు.

వాడు చేరిన ఆన్‌లైన్ ఫోటో గ్రూపుకి నియమాలున్నాయి. ఫ్లాష్ వాడకూడదు. పోజు పెట్టించకూడదు. తీస్తున్నట్టు అవతలివాళ్లకి తెలియకూడదు. అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం) ఎఫ్8, ఫోకస్ రెండు మీటర్లు పెట్టేసుకుంటే ఇక చూడకుండానే నొక్కేయొచ్చట. అది నిజమే కానీ, ఆ రెండు మీటర్లు తప్పకుండా ఉండాలని మావాడు ఎదుటి మనిషి ఒకడుగు ముందుకేస్తే వెనక్కీ, వెనక్కేస్తే ముందుకీ జరుగుతుంటాడు. తెలియకూడదనుకున్నవాళ్లకే ముందు తెలిసిపోతోంది.

ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ కార్తియే-బ్రెసాన్ తన లైకా కెమెరా మెరుపు కనబడకుండా నల్ల టేపు అంటించేవాడని మావాడు ఎక్కడో చదివాడు. వెంటనే తన కెమెరా మొత్తానికీ చుట్టేశాడు. ఆ మహానుభావుడే 1932లో పారిస్‌లోని సెయింట్-లజార్ రైల్వే స్టేషన్ వెనక నీళ్ల మీదుగా గెంతుతున్న మనిషిని గాల్లో ఉండగానే పట్టేశాడు. దాంతో ఓ వాన వెలిసిన సాయంత్రం మావాడు నన్ను వెంటబెట్టుకుని ఒక నీటిగుంట వెతికి, దాని పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడు.

చాలాసేపటికి ఎర్ర గొడుగు పట్టుకుని ఒకావిడ వచ్చింది. గుంటని చూసి చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తింది. గెంతబోతోంది!

"బావా, స్క్రీన్ నల్లగా ఉంది!"

కెమెరా వెనక, కన్ను ఆనించామో లేదో కనిపెట్టే చిన్న సెన్సర్ ఒకటుంటుంది. ఆనిస్తే స్క్రీన్ ఆరిపోయి బొమ్మ వ్యూఫైండర్‌లోకి వెళ్తుంది. మావాడు దాని మీద కూడా టేపు వేశాడు. ఎవరో కన్ను తీయకుండా చూస్తున్నారనుకుని కెమెరా స్క్రీన్ వెలిగించడం మానేసింది. ఈ సంగతి మాకు ఇంటికెళ్లాక తెలిసింది. అప్పటికైతే వాడు బ్యాటరీ పీకి పెట్టాడు, కార్డు పీకి పెట్టాడు, నోట్లో లెన్స్ మూత, చంకలో గొడుగు, ఒక మోకాలు నీళ్లలో. ఆవిడ గెంతి, జాలిగా చూసి వెళ్లిపోయింది.

రాత్రి గ్రూపులో ఆ ఫోటో కనిపించింది. గాల్లో ఎర్ర గొడుగావిడ, కింద నీళ్లలో ఆవిడ నీడ, ఆ పక్కన నోట్లో మూతతో మా బావమరిది. ఎదుటి అరుగు మీద నిలబడ్డ మరో సభ్యుడు తీశాడట. లైకులు కుప్పలు తెప్పలు.

అంతలో ఒక పెద్దమనిషి అనుమానపడ్డాడు: "కింద ఉన్నతను నటిస్తున్నాడు. నిజం మనుషులు ఇలా ఉండరు."

మావాడికి పౌరుషం వచ్చింది. "అది నేనే, నటించలేదు, నేనూ ఈ గ్రూపు సభ్యుణ్ణే" అని రాశాడు.

"తీసిందీ సభ్యుడే, పడిందీ సభ్యుడే. అంటే ఇద్దరూ కూడబలుక్కున్నారు" అని తేల్చి, పోజు పెట్టించిన నేరం కింద అడ్మిన్ ఫోటో తీసేశాడు. మావాడు ఇప్పుడు సాక్ష్యం చెప్పమని నా వెంట పడుతున్నాడు.